సన్నీ షారాక్ ఎక్కడికీ తిరిగి రాలేదు

ఫ్రీ జాజ్ గురించి ఒక కథ బాగా పాతుకుపోయింది. 1960లలో అమెరికాలో కొందరు వాద్యకారులు బాణీని, శ్రుతిని, లయను అవతల పారేసి కేకలనే సంగీతమన్నారనీ, ఆ దారి కొంత దూరం పోయి ఆగిపోయిందనీ, వారిలో వివేకం ఉన్నవాళ్లు వయసు పైబడ్డాక మళ్లీ పాట దగ్గరికి చేరుకున్నారనీ ఆ కథ. దీనికి సాక్ష్యంగా చూపించే రికార్డుల్లో 1991లో వచ్చిన ‘ఆస్క్ ది ఏజెస్’ ఒకటి. గిటారిస్టు సన్నీ షారాక్ ముందుండి నడిపిన నలుగురి బృందం చేసిన ఆల్బం అది. శాక్సోఫోన్ మీద ఫారో శాండర్స్, బేస్ మీద చార్నెట్ మొఫెట్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. ఆరు రచనలు, ఆరూ షారాక్‌వే. ఈ ఆల్బంను ఇష్టపడేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే వాళ్లు ఇష్టానికి చెప్పే కారణమే అభ్యంతరకరం. ఇన్నేళ్లు గోల చేసిన మనిషి చివరికి మంచి బాణీలు కట్టాడు, స్వింగ్ అనే ఊగే లయకు లొంగాడు, అందుకే ఇది వినదగ్గ రికార్డు అంటారు. ఈ మెప్పులో ఒక పెద్ద అబద్ధం దాగి ఉంది. షారాక్ ఏనాడూ పాటను వదిలి వెళ్లలేదు. ఫ్రీ జాజ్ కూడా వదిలి వెళ్లలేదు. ‘ఆస్క్ ది ఏజెస్’ ఆ సంగీతం చేసిన పశ్చాత్తాపం కాదు. అది మొదటినుంచీ ఏమిటో, ఆ రికార్డులో అంత స్పష్టంగా వినబడుతోంది, అంతే.

ఈ కథ ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. 1961 నవంబరులో డౌన్‌బీట్ పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు శాక్సోఫోన్ వాద్యకారులు జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీల సంగీతాన్ని ‘జాజ్ వ్యతిరేకం’ అని ముద్రవేశాడు. కొద్ది నెలలకే, 1962 జనవరిలో, శాక్సోఫోనిస్టు ఆర్నెట్ కోల్మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బం మీద అదే పత్రిక రెండు సమీక్షలు పక్కపక్కన అచ్చువేసింది. ఒకరు అయిదు నక్షత్రాలూ ఇచ్చారు. టైనన్ ఒక్కటీ ఇవ్వలేదు. నాటి తగవులో కనీసం రెండు పక్షాలు ఉండేవి. కాలం గడిచేకొద్దీ ఒక పక్షమే చరిత్రగా మారింది. 1980లలో ట్రంపెట్ వాద్యకారుడు వింటన్ మార్సాలిస్ చుట్టూ బలపడిన సంప్రదాయవాదం బ్లూస్, స్వింగ్ ఉన్నదే జాజ్ అని గీత గీసింది. 2001లో కెన్ బర్న్స్ తీసిన పది భాగాల టెలివిజన్ డాక్యుమెంటరీ 1961 నుంచి అప్పటిదాకా జరిగినదంతా ఒకే ఒక చివరి భాగంలో కుదించేసింది. నలభై ఏళ్ల సంగీతానికి దక్కిన చోటు అది. దాన్ని చూసి జాజ్ గురించి తెలుసుకున్న తరం ఫ్రీ జాజ్‌ను ఒక ప్రమాదంగానే నేర్చుకుంది. అందుకే ఒక ఫ్రీ జాజ్ వాద్యకారుడు చెవికి ఇంపైన రికార్డు చేస్తే, ఆ ప్రమాదం నుంచి బయటపడ్డాడని అనుకోవడం వాళ్లకు సహజంగా తోచింది. దూషించేవారూ, మెచ్చుకునేవారూ నిలబడినది ఒకే పునాది మీద.

ఆ పునాదినే పరీక్షిద్దాం. ఈ సంగీతానికి పేరు తెచ్చిన ‘ఫ్రీ జాజ్’ ఆల్బం 1960 డిసెంబరు 21న రికార్డయింది. రెండు నలుగురి బృందాలు, ఒకటి ఎడమ స్పీకరులో, ఒకటి కుడి స్పీకరులో, ముప్పై ఏడు నిమిషాల పాటు ఆగకుండా వాయించాయి. నియమాలు లేని వాయింపు అంటే ఇదే గుర్తొస్తుంది చాలామందికి. కానీ విని చూడండి. ఒక సోలో ముగిసి మరొకటి మొదలయ్యే చోట అందరూ కలిసి ఊదే స్వరవాక్యాలు ముందే రాసిపెట్టుకున్నవి. ఇద్దరు డ్రమ్మర్లూ నడకను వదలరు. కోల్మన్ తీసేసినది బాణీనీ కాదు, లయనూ కాదు. తీసేసినది ఒక్కటే: కార్డుల, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుల, చక్రం. ఫ్రీ జాజ్‌కు ముందరి శైలి బీబాప్‌లో ఒక పాట తాలూకు కార్డుల వరుస తరచుగా ముప్పై రెండు బార్లకోసారి తిరిగి మొదలవుతుంది. సోలో వాయించేవాడు ఎంత ఎగిరినా ఆ వరుసలో ఏ చోట ఏ కార్డు ఉందో దానికి తగ్గ స్వరాలే ఎంచుకోవాలి. ఆ చక్రం పోతే వాద్యకారుడి చేతిలో మిగిలేది బాణీ మాత్రమే. దాని తొలి పలుకు, దాని విరుపు, దాని భావం, వీటినుంచే తర్వాతి మాట పుట్టాలి. అందుకే ఈ తరం వాద్యకారులు అంత బలమైన బాణీలు కట్టారు. కోల్మన్ 1959లో పియానో లేని బృందంతో రికార్డు చేసిన ‘లోన్లీ వుమన్’ ఒకసారి వింటే మరిచిపోయేది కాదు. శాక్సోఫోనిస్టు ఆల్బర్ట్ ఐలర్ ‘గోస్ట్స్’ పిల్లలు పాడుకునే పాటంత సరళం. పాటను ద్వేషించేవాళ్లు ఇలాంటివి కట్టరు. కార్డులు పోయాక పాట మీద భారం పెరిగింది.

ఈ మార్పులో గిటారుకు మొదట్లో చోటు లేకపోవడానికి కారణం కూడా ఇదే. పియానోలాగే గిటారు కూడా జాజ్‌లో కార్డులు పట్టే వాద్యం. కార్డులనే పక్కన పెట్టిన బృందంలో దానికి పనేముంది? షారాక్ దానికి జవాబు కనిపెట్టాడు. అది సిద్ధాంతంలోంచి వచ్చినది కాదు, అతని జీవితంలోంచి వచ్చింది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆసినింగ్‌లో పుట్టిన అతను కుర్రతనంలో డూవాప్ బృందంలో పాడాడు. అంటే మొదలైనదే గొంతుతో. మైల్స్ డేవిస్ 1959 ఆల్బం ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో కోల్ట్రేన్ శాక్సోఫోన్ విన్నాక ఆ వాద్యమే పట్టాలనుకున్నాడు. ఉబ్బసం అడ్డొచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో గిటారు పట్టింది ఆ తర్వాతే. తనను తాను గిటారిస్టుగా కాక, చేతిలో శాక్సోఫోన్ లేని శాక్సోఫోన్ వాద్యకారుడిగానే ఆఖరిదాకా చెప్పుకున్నాడు. ఇది వట్టి మాట కాదు. తీగ మీటిన మరుక్షణం నుంచీ ధ్వని తగ్గిపోతూ ఉంటుంది. శాక్సోఫోన్‌లో ఊపిరి ఉన్నంతసేపూ స్వరం నిలుస్తుంది, పెరుగుతుంది, చీలుతుంది. గొంతు చేసే పని గిటారు చేయాలంటే చచ్చిపోతున్న స్వరాన్ని బతికించే మార్గం కావాలి. షారాక్ ఒకే స్వరాన్ని అతివేగంగా మీటుతూ దాన్ని ఎడతెగకుండా నిలబెట్టాడు. తీగల మీద స్లైడ్ జార్చి మెట్ల మధ్య ఉన్న స్వరాలను పట్టుకున్నాడు. ఆంప్లిఫైయర్‌ను దాని శక్తికి మించి పనిచేయించి, ఆ చిట్లిన ధ్వనిలో ఊపిరి నిడివిని సాధించాడు. విమర్శకులు గోల అన్నది ఈ పనినే. అది పాటను చెరిపేయడానికి చేసినది కాదు, పాడలేని వాద్యాన్ని పాడించడానికి చేసినది.

తెలుగు శ్రోతకు ఈ సమస్య కొత్తది కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎదుర్కొన్నదీ ఇదే. జంట తీగల మామూలు మాండలిన్ మీద స్వరం క్షణంలో ఆరిపోతుంది, గమకం పలకదు. అతను అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. ధ్వనిని పెంచి, స్వరాన్ని సాగదీసి కర్ణాటక గాత్రాన్ని దాని మీదికి తెచ్చాడు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో అతను వాయించినది విని మనలో ఎందరో జాజ్ గిటారు వైపు వచ్చారు. అదే మెక్‌లాఫ్లిన్, షారాక్ ఇద్దరూ మైల్స్ డేవిస్ 1970లో చేసిన ‘జాక్ జాన్సన్’ రికార్డింగుల్లో ఉన్నారు. షారాక్ పేరు మాత్రం ఆ ఆల్బం మీద వేయలేదు. మనకు అలవడిన చెవి మెక్‌లాఫ్లిన్ చెవి: ప్రతి స్వరం విడివిడిగా, శుభ్రంగా, మెరుపు వేగంతో వినబడాలి. ఆ కొలబద్దతో షారాక్‌ను వింటే స్పష్టత లేదనిపిస్తుంది. కొలబద్ద మార్చమని నేను అడగడం లేదు. ఒక వాద్యం ఎవరి గొంతును వెతుకుతోందో చూసి తూచమంటున్నాను. శ్రీనివాస్ వెతికినది గాత్ర విద్వాంసుడి గొంతు. షారాక్ వెతికినది చర్చిలో ప్రార్థన ముదిరి కేకగా మారిన క్షణంలోని గొంతు. ఆ గొంతు చిట్లుతుంది, బొంగురుపోతుంది. అది లోపం కాదు, ఆ పాటకు అదే ప్రాణం.

షారాక్ తొలినాళ్ల రికార్డులు విననివాళ్లే అతను తర్వాత పాట నేర్చుకున్నాడని చెప్పగలరు. 1966లో రికార్డయిన శాండర్స్ ఆల్బం ‘తౌహీద్’లో అతని గిటారు ఉంది. 1969లో సొంత ఆల్బం ‘బ్లాక్ వుమన్’ వచ్చింది. ఫ్రీ జాజ్‌లో అత్యంత ఉగ్రమైన రికార్డుల్లో ఒకటిగా దాన్ని చెబుతారు, నిజమే. అందులో అతని అప్పటి భార్య, గాయని లిండా షారాక్ గొంతు మాటలు లేకుండా ఏడుస్తుంది, మూలుగుతుంది, అరుస్తుంది. కానీ అదే ఆల్బంలో ఫ్రాన్స్‌లోని ఓవర్న్ ప్రాంతపు జానపద గీతం ఒకటి ఉంది. ‘బ్లైండ్ విల్లీ’ అనే గిటారు రచనా ఉంది. వీధుల్లో స్లైడ్ గిటారుతో భక్తి గీతాలు పాడిన బ్లైండ్ విల్లీ జాన్సన్‌ను తలచుకునే పేరు అది. 1986లో ఒంటరిగా చేసిన ‘గిటార్’ ఆల్బంలో అదే రచనను మళ్లీ వాయించాడు. అంటే ఉగ్రంగా ఉన్నప్పుడూ, ఏళ్ల తర్వాతా అతని చేతిలో ఉన్నవి అవే పాటలు. 1986లోనే శాక్సోఫోనిస్టు పీటర్ బ్రోట్జ్‌మన్, బేస్ వాద్యకారుడు బిల్ లాస్వెల్, డ్రమ్మర్ రోనాల్డ్ షానన్ జాక్సన్‌లతో కలిసి ‘లాస్ట్ ఎగ్జిట్’ బృందంలో వినేవారిని అదరగొట్టే హోరు వాయించాడు. ఒక పక్క ఆ హోరు, మరో పక్క ఒంటి గిటారు మీద మెత్తని బాణీలు, రెండూ ఒకే ఏడాదిలో. యవ్వనపు కోపం, ముదిమి శాంతం అనే వరుస ఇక్కడ ఎలా నిలుస్తుంది?

ఇప్పుడు ‘ఆస్క్ ది ఏజెస్’ దగ్గరికి వద్దాం. దీన్ని పునరాగమనంగా చదివేవాళ్లకు ఒక మంచి ఆధారం ఉంది, దాన్ని దాటవేయను. పేర్లు చూడండి: ‘ప్రామిసెస్ కెప్ట్’, ‘యాజ్ వి యూజ్డ్ టు సింగ్’, ‘వన్స్ అపాన్ ఎ టైమ్’. నిలబెట్టుకున్న మాటలు, ఒకప్పటి పాటలు, అనగనగా కథలు. అన్నీ వెనక్కి చూస్తున్నాయి. సరే, ఏ గతంలోకి చూస్తున్నాయి? బృందంలోని మనుషులే జవాబు చెబుతారు. శాండర్స్, ఎల్విన్ జోన్స్ ఇద్దరూ 1965 జూన్ 28న కోల్ట్రేన్ ‘అసెన్షన్’ వాయించినప్పుడు స్టూడియోలో ఉన్నవాళ్లు. పదకొండు మంది కలిసి చేసిన ఆ రికార్డును మించి నిందలు మోసిన జాజ్ రికార్డులు కొద్ది. చార్నెట్ మొఫెట్ తండ్రి చార్లెస్ మొఫెట్ 1960ల మధ్యలో ఆర్నెట్ కోల్మన్ డ్రమ్మర్. కొడుకు పేరులో చార్లెస్, ఆర్నెట్ ఇద్దరూ ఉన్నారు. శాండర్స్ పుట్టిన ఊరు ఆర్కన్సాలోని లిటిల్ రాక్. 1957లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు సైనికుల కాపలాతో బడిలో అడుగుపెట్టవలసివచ్చిన ఊరు అదే. ఆ పేరుతో ఒక రచన ఈ ఆల్బంలో ఉంది. షారాక్ వెనక్కి చూసినది స్వింగ్ బృందాల బంగారు కాలంలోకి కాదు. టైనన్ ‘జాజ్ వ్యతిరేకం’ అన్న ఆ సంవత్సరాలలోకి, ఆ సంవత్సరాల వెనక ఉన్న చర్చిలోకి. సంప్రదాయం దగ్గరికి వచ్చాడు అనే మాట నిజమే అనుకుందాం. అప్పుడు ఫ్రీ జాజే ఆ సంప్రదాయం అని ఒప్పుకోవాలి.

ఆల్బంలో నాలుగు వాద్యాలు ఎలా కూర్చున్నాయో వింటే ఇది ఇంకా గట్టిపడుతుంది. కోల్ట్రేన్ ప్రసిద్ధ బృందంలో శాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్. ఇక్కడ పియానో కుర్చీలో గిటారు ఉంది, కానీ పియానో పని చేయడం లేదు. కార్డులు పరిచి శాక్సోఫోన్‌కు దారి చూపించదు. దానితో కలిసి బాణీ పాడుతుంది. ‘ప్రామిసెస్ కెప్ట్’ మొదట్లోనే గిటారు, శాక్సోఫోన్ ఒకే బాణీని కలిసి పట్టుకుంటాయి, రెండు గొంతులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ‘మెనీ మాన్షన్స్’ తొమ్మిది నిమిషాలకు పైగా సాగుతుంది. పేరు యోహాను సువార్తలోది. కొద్ది స్వరాలతో కట్టిన బరువైన బాణీ మళ్లీ మళ్లీ వస్తుంది. ఎవరైనా రెండుసార్లు విని పాడుకోగలరు. ఆ తర్వాత శాండర్స్ శాక్సోఫోన్ ఒకే స్వరాన్ని రెండుగా మూడుగా చీల్చి అరుస్తుంది. ఈ అరుపు బాణీ ఆగిపోయిన చోట మొదలైన వేరే వస్తువు అనుకునేవాళ్లు దయచేసి దాన్ని మొదటినుంచి వినాలి. బాణీ ప్రతిసారీ కాస్త ఎక్కువ బరువు ఎత్తుకుంటూ వస్తుంది. స్వరాలు మోయలేనంత అయ్యాక స్వరమే పగులుతుంది. బాణీ లేకపోతే ఆ అరుపుకు అర్థం లేదు. అరుపు లేకపోతే ఆ బాణీ చెప్పదలచుకున్నది పూర్తి కాదు. ‘హూ డస్ షి హోప్ టు బి?’ లాంటి నెమ్మది రచనను మాత్రమే ఏరుకుని, మిగతాదాన్ని సహించి, ఇది మెత్తబడిన షారాక్ అనడం సగం వాక్యం చదివి అర్థం చెప్పడమే.

దీనికి ఎదురు వచ్చే బలమైన ప్రశ్న ఎల్విన్ జోన్స్. రికార్డును నిలబెట్టినది అతని స్వింగేననీ, ఆ నేల లేకపోతే మిగతా ముగ్గురూ గాల్లో కొట్టుకుపోయేవారనీ అంటారు. పైగా ఫ్రీ జాజ్‌ను భరించలేకనే 1966లో అతను కోల్ట్రేన్‌ను వదిలి వెళ్లిపోయాడు కదా అంటారు. వెళ్లిపోవడం నిజం. రెండో డ్రమ్మర్‌గా రషీద్ అలీ చేరాక తాను ఏం వాయిస్తున్నాడో తనకే వినబడటం లేదని, అంతా మోతగా ఉందని జోన్స్ తర్వాత చెప్పుకున్నాడు కూడా. ఈ మాటను ఫ్రీ జాజ్ మీద తీర్పుగా వాడుకోవడం తేలిక. కానీ అతని ఫిర్యాదు దేని గురించి? కార్డులు లేవని కాదు, శాక్సోఫోన్ అరుస్తోందని కాదు. ఒకరికొకరు వినబడటం లేదని. పాతికేళ్ల తర్వాత అదే అరిచే శాండర్స్ పక్కన, అంతకన్నా హోరెత్తే గిటారు పక్కన కూర్చుని వాయించాడు. ఎందుకంటే ఇక్కడ ప్రతి ఒక్కరూ వినబడుతున్నారు. ఇక అతని స్వింగ్ సంగతి. జోన్స్ లయ గడియారం టిక్కుమన్నట్టు నడిచేది కాదు. మూడుగా విరిగిన దరువులు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ, ఎక్కడ నొక్కు పడుతుందో చెప్పకుండా వస్తాయి. సమం ఎక్కడుందో తెలిసేలోపు అల తిరిగిపోతుంది. ‘వన్స్ అపాన్ ఎ టైమ్’లో గిటారు బాణీ కింద అతని డ్రమ్స్ చేసే ఘోషను కాలు ఆడించుకునే స్వింగ్ అనగలవాళ్లు ఎవరూ ఉండరు. ఫ్రీ జాజ్ డ్రమ్మింగుకు దారి వేసినవాళ్లలో అతనే ముందువాడు. అతన్ని దానికి ఎదురుగా నిలబెట్టడం చరిత్రను తలకిందులు చేయడం.

నియమం లేకపోతే మంచిచెడ్డలు ఎలా తేల్చేది, ఎవరైనా వాయించవచ్చు కదా అనే ప్రశ్నకు జవాబు కూడా జోన్స్ ఫిర్యాదులోనే ఉంది. ఒకరినొకరు వింటున్నారా లేదా అన్నదే కొలత. ఇది మెత్తని కొలత కాదు. రాసిన సంగీతంలో పక్కవాడిని వినకపోయినా కాగితం కాపాడుతుంది. ఇక్కడ వినని క్షణం వెంటనే బయటపడుతుంది. చెడ్డ ఫ్రీ జాజ్ ఉంది, బోలెడు ఉంది. మొదటి నిమిషంలోనే గరిష్ఠ స్థాయికి వెళ్లి అక్కడే నిలిచిపోయే రికార్డులు, నలుగురూ ఎవరి అరుపు వాళ్లు అరిచే రికార్డులు ఉన్నాయి. చెడ్డ కవిత్వం చూపించి వచన కవితను కొట్టివేయలేనట్టే, వాటిని చూపించి ఈ సంగీతాన్ని కొట్టివేయలేం. ఇంగ్లండ్ గిటారిస్టు డెరెక్ బెయిలీ గురించి కూడా ఇక్కడ చెప్పాలి. అతను నిజంగానే బాణీకి, తెలిసిన నడకలకు దూరంగా వెళ్లాడు, ఆ పని బుద్ధిపూర్వకంగా చేశాడు. 1980లో వచ్చిన మనోధర్మ సంగీతం మీది అతని పుస్తకం మొదలయ్యేది భారతీయ సంగీతంతో కావడం గమనించదగ్గది. బెయిలీ దారి వేరు. దానికి దాని గౌరవం ఉంది. అతని సంగీతానికి చెల్లే మాటను తెచ్చి షారాక్ మీద, ఐలర్ మీద, కోల్మన్ మీద రుద్దడం వల్లనే ఇంత గందరగోళం.

1969కీ 1991కీ తేడా చెవికే తెలుస్తోంది కదా అనేవాళ్లతో నాకు పేచీ లేదు. తేడా ఉంది. చాలావరకు అది ధ్వనిముద్రణలోది. షారాక్‌తో కలిసి లాస్వెల్ తయారుచేసిన ఈ రికార్డులో బేస్ తీగ కంపనం, తాళాల అంచు, గిటారు చిట్లుడు, దేనికది స్పష్టంగా ఉంది. 1969లో ఒకదానిలో ఒకటి కలిసిపోయి హోరుగా చేరినవి ఇప్పుడు విడివిడిగా చేరుతున్నాయి. మారినది వాయింపుకన్నా మనకు వినబడిన తీరు ఎక్కువ. షారాక్ ఒక్కడే కూడా కాదు. 1979లో గిటారిస్టు జేమ్స్ బ్లడ్ ఉల్మర్ నాయకత్వంలో ‘టేల్స్ ఆఫ్ కెప్టెన్ బ్లాక్’ వచ్చింది. అదీ గిటారు, శాక్సోఫోన్, బేస్, డ్రమ్స్ బృందమే, శాక్సోఫోన్ మీద స్వయంగా ఆర్నెట్ కోల్మన్. బ్లూస్ నుడికారం ప్రతి మలుపులోనూ ఉన్న రికార్డు అది. 2024లో గిటారిస్టు జెఫ్ పార్కర్ ‘ది వే అవుట్ ఆఫ్ ఈజీ’ వచ్చింది. మళ్లీ అదే నాలుగు వాద్యాలు. చాలావరకు ఏ పాటా ముందుగా నిర్ణయించుకోకుండా మొదలై, చిన్న స్వరవాక్యాల చుట్టూ తిరుగుతూ బాణీని అక్కడికక్కడే పుట్టించే సంగీతం. ఆగిపోయిందన్న దారి మీద ఇంతమంది నడుస్తూనే ఉన్నారు.

షారాక్ 1994 మే 25న, యాభై మూడేళ్లకు, పుట్టిన ఊళ్లోనే గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత ‘ఆస్క్ ది ఏజెస్’కు వీడ్కోలు రంగు పూసి, తుదిదశలో కుదుటపడిన కళాకారుడి కథగా చెప్పడం ఇంకా సులువైపోయింది. 1991లో అది వీడ్కోలని అతనికి తెలియదు. చనిపోయిన ఏడాదే కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన ‘స్పేస్ ఘోస్ట్ కోస్ట్ టు కోస్ట్’ అనే కార్యక్రమానికి సంగీతం చేశాడు. ఆ గిటారులో ‘బ్లాక్ వుమన్’ నాటి గరగర అలాగే ఉంది, వేళ్లు అలాగే పరుగెత్తుతాయి, తీగ అలాగే అరుస్తుంది. జాజ్ చరిత్ర గురించి ఏ కథా విననివాళ్లు దాన్ని టెలివిజన్‌లో ఒక మంచి టైటిల్ పాటగానే విన్నారు.